ప్రవర్తన: సంతృప్తికరం

విద్యార్థి తరగతి గదిలో ఎలా నడచుకుంటున్నాడో అంకెల్లోనో అక్షరాల్లోనో తేల్చి చెప్పే విద్యను బి.ఎడ్. పాఠ్యగ్రంథాలు ప్రవర్తనా మాపనం అంటాయి. మాపనమంటే కొలత, కొలిచినదానికి విలువ కట్టడం మూల్యాంకనం. ఈ రెండింటికీ ఉన్న తేడాను పరీక్షలో ఐదు మార్కులకు రాసి ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయుడు, చేరిన మర్నాటి నుంచే ఆ రెండు పనులనూ ఒకే గడిలో ఒకే మాటతో ముగించడం నేర్చుకుంటాడు. ఆ మాట "సంతృప్తికరం". బడి వదిలి వెళ్లే విద్యార్థి చేతికి అందే స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్‌లో ప్రవర్తన అనే గడి ఒకటి ఉంటుంది. అందులో "బాగుంది" అనో "సంతృప్తికరం" అనో తప్ప మూడో మాట పడిన కాగితాన్ని చూసినవారు అరుదు. ప్రశ్నపత్రాల గురించి చెప్పేచోట శాస్త్రం విచక్షణా శక్తి అనే గుణాన్ని పేర్కొంటుంది, అంటే చదివినవాణ్నీ చదవనివాణ్నీ వేరుచేసి చూపగల శక్తి. దానితోపాటు విశ్వసనీయతను, అంటే ఎవరు ఎన్నిసార్లు కొలిచినా ఒకే ఫలితం వచ్చే గుణాన్ని కూడా పేర్కొంటుంది. ఆ లెక్కన కాండక్ట్ సర్టిఫికెట్‌కు విచక్షణా శక్తి సున్నా, విశ్వసనీయత నూటికి నూరు. ఇంతటి నిలకడ ఉన్న కొలమానం ప్రపంచంలో మరే ప్రయోగశాలలోనూ తయారు కాలేదు.

ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా ఛత్తీస్‌గఢ్ హద్దు దాకా సాగే అడవిలో ఈ గడి మహిమ ఇంకాస్త బాగా కనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైన 2005 తరువాత అక్కడి హింసకు జడిసి ఇటు వచ్చి అడవి లోపలి గూడేల్లో స్థిరపడిన గుత్తికోయలను తెలంగాణ షెడ్యూల్డ్ తెగగా గుర్తించలేదు కనుక వారి పిల్లలకు కుల ధ్రువపత్రం పుట్టడం గగనం. నివాసానికీ పుట్టిన తేదీకీ రుజువులు అడిగే దరఖాస్తులు సైతం చాలావరకు అసంపూర్తిగానే మిగులుతాయి. ప్రవర్తన గడి మాత్రం ఏ విచారణా లేకుండా, ఏ తహసీల్దారు సంతకమూ అక్కర్లేకుండా నిండుతుంది. వారెవరో తేల్చలేని వ్యవస్థ, వారు ఎవరైనప్పటికీ బుద్ధిమంతులేనని మాత్రం నిస్సంకోచంగా రాసిస్తుంది.

ధ్రువపత్రం చేతకాదని వదిలేసిన విచక్షణను తరగతిలోని నల్లబల్ల ఏనాటి నుంచో నిర్వహిస్తోంది. ఉపాధ్యాయుడు మధ్యాహ్న భోజనం లెక్కల కోసమో, హెచ్.ఎం. పిలిచాడనో బయటికి వెళ్లగానే క్లాసు లీడరు సుద్దముక్క అందుకుని, బల్లకు ఒక మూల "మాట్లాడినవారు" అని రాసి గీత కొట్టి, దాని కింద పేర్లు ఎక్కించడం మొదలుపెడతాడు. రెండోసారి నోరు విప్పినవాడి పేరు పక్కన ఒక ఇంటూ, మూడోసారికి మరో ఇంటూ పడతాయి. ఒక నిర్ణీత కాలంలో ఒక ప్రవర్తన ఎన్నిసార్లు జరిగిందో గీతలుగా లెక్కపెట్టే ఈ పద్ధతిని అమెరికా విశ్వవిద్యాలయాలు సంఘటన నమోదు అనే గంభీరమైన పేరుతో పరిశోధన పత్రాల్లోకి ఎక్కించాయి. అయితే లీడరు పేరు ఆ జాబితాలో ఏనాడూ ఉండదు. లీడరు స్నేహితుడి పేరు ఎక్కినా, సారు చెప్పుల చప్పుడు వరండాలో వినిపించేలోగా చెరిగిపోతుంది. వేసవి ముదిరే రోజుల్లో దోసెడు తునికిపండ్లకు రెండు ఇంటూలు మాఫీ కావడమూ కద్దు. దీన్ని అవినీతి అనడం తొందరపాటు. ఒకరిలో ఒక మంచి గుణం కనిపిస్తే తక్కిన గుణాలన్నీ మంచివేనని మార్కులు వేసే పొరపాటును ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే సైనికాధికారులు తమ కింది వారికి ఇచ్చిన మార్కుల్లో గుర్తించి పరివేష ప్రభావం అన్నాడు. సైనికాధికారులకు చెల్లిన వెసులుబాటు ఆరో తరగతి లీడరుకు చెల్లదనడం న్యాయం కాదు.

గమనించవలసింది ఆ శీర్షిక. అది మాట్లాడినవారి జాబితా. మాట్లాడనివారి జాబితా రాసే లీడరు ఏ బడిలోనూ లేడు. ఇది సుద్దముక్క పట్టిన పిల్లవాడి పొరపాటు కాదు, పెద్దలు నేర్పిన చూపు. అమెరికాలో ఇ.కె. విక్‌మన్ అనే పరిశోధకుడు పిల్లల ప్రవర్తనలో ఏవి తీవ్రమైన సమస్యలో చెప్పమని ఒకవైపు ఉపాధ్యాయులనూ మరోవైపు మానసిక ఆరోగ్య నిపుణులనూ అడిగి, వచ్చిన జవాబులను 1928లో ప్రచురించాడు. ఉపాధ్యాయులు ఎదురు తిరగడం, క్రమశిక్షణ తప్పడం వంటి వాటిని పైన పెడితే, నిపుణులు ఎవరితోనూ కలవకుండా ముడుచుకుపోవడం, దిగులు, భయం వంటి వాటిని పైన పెట్టారు. పాఠానికి అడ్డు తగిలే పిల్లవాడు ఉపాధ్యాయుడికి సమస్య. పాఠంలోనే లేని పిల్లవాడు ఆయనకు ప్రశాంతత. దాదాపు వందేళ్ల కిందట తేలిన ఈ సంగతి తరువాత కొలమానాలు ఎన్నో మారాయి గాని, అవి అన్నీ ఏదో ఒక వైపు నుంచి ఆ ప్రశాంతతనే కొలుస్తూ వస్తున్నాయి.

ఈ విషయంలో బి.ఎడ్. విద్యార్థులు కంఠస్థం చేసి తరించే ఫ్లాండర్స్ పరస్పర చర్యా విశ్లేషణకు పెద్ద పీట వేయాలి. తరగతిలో ఉపాధ్యాయుడికీ పిల్లలకూ మధ్య జరిగే మాటల వ్యవహారాన్ని నెడ్ ఫ్లాండర్స్ పది గడులుగా విభజించాడు: మొదటి ఏడూ ఉపాధ్యాయుడి మాటలవి, ఎనిమిదీ తొమ్మిదీ విద్యార్థి మాటలవి, పదోది నిశ్శబ్దం లేక గందరగోళం. పరిశీలకుడు తరగతి వెనక కూర్చుని మూడు సెకన్లకొకసారి ఆ క్షణాన జరుగుతున్నదేదో దాని అంకె వేసుకుంటూ పోవాలి. నలభై ఐదు నిమిషాల పీరియడు ముగిసేసరికి 900 అంకెలు పోగవుతాయి. వాటిని పదడ్డాలు పది నిలువుల పట్టికలో నింపి నిష్పత్తులు కడితే, తరగతి కాలంలో మూడింట రెండు వంతులు ఎవరో ఒకరు మాట్లాడుతుంటారనీ, ఆ మాటల్లో మూడింట రెండు వంతులు ఉపాధ్యాయుడివేననీ ఫ్లాండర్స్ తేల్చాడు. పిల్లల మాటకు రెండే గడులు చాలనుకున్న పొదుపరితనం కన్నా మెచ్చుకోదగింది, నిశ్శబ్దాన్నీ గందరగోళాన్నీ ఒకే గడిలో కట్టేసిన ఉదారత.

దుమ్ముగూడెం వైపు ఆశ్రమ పాఠశాలలో ఒకటో తరగతి కోయ పిల్లవాడి వెనక ఈ పట్టిక పట్టుకుని కూర్చుంటే ఆ పదో గడి ఎంత పెద్దదో తెలుస్తుంది. ఆశ్రమ పాఠశాల అంటే గిరిజన సంక్షేమ శాఖ ఆధ్వర్యంలో పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని చదువుకునే బడి. పిల్లవాడి ఇంట్లో మాట కోయ. బడి మాట తెలుగు. 2022-23 నుంచి రాష్ట్రమంతటా ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు కనుక పుస్తకం మాట ఇంగ్లీషు. ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న వేస్తే అది ఇంగ్లీషులో బయలుదేరి, తెలుగులో మజిలీ చేసి, కోయలోకి చేరి, అక్కడ జవాబు దొరికాక మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. ప్రశ్న ముగిసిన క్షణం నుంచి జవాబు మొదలయ్యేదాకా పట్టే కాలాన్ని శాస్త్రం ప్రతిస్పందన జాప్యం అని కొలుస్తుంది. మూడు భాషల మీదుగా రానూ పోనూ సాగిన ఈ ప్రయాణం ఆ కొలతలో మందకొడితనంగా నమోదవుతుంది. జవాబు తెలుగు పొలిమేర చేరేలోగా ఉపాధ్యాయుడు పక్క పిల్లవాణ్ని అడిగేసి ఉంటాడు. పరిశీలకుడు మూడు సెకన్లకొక పదో అంకె వేసుకుంటాడు. కాండక్ట్ సర్టిఫికెట్ రాసేనాటికి ఈ పదులన్నీ కలిసి నెమ్మదస్తుడనే పేరై, గడిలో "సంతృప్తికరం" అవుతాయి.

ఈ ఇబ్బంది ఎవరికీ తెలియదనడానికి వీల్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇరవై ఏళ్ల కిందటే బహుభాషా విద్య పేరుతో కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, లంబాడీ అనే ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు వేయించింది. అవి ఉత్సాహంగా మొదలై, ప్రభుత్వ కార్యక్రమాలకు సహజమైన మరణమే పొందాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ ఇంకా స్పష్టంగా మాట్లాడింది. అందులో వరుసగా వచ్చే మూడు ఉపనిబంధనలు ఉన్నాయి: వీలైనంతవరకు పిల్లల మాతృభాషలోనే బోధించాలన్నది ఒకటి, పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చేసి తమ అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పుకోనివ్వాలన్నది రెండోది, వారిని నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలన్నది మూడోది. వ్యవస్థ పొదుపు పాటించి మూడోదాన్ని వెంటనే అమలు చేసింది. రిజిస్టర్లు అచ్చయ్యాయి, శిక్షణలు జరిగాయి, గడులు పుట్టాయి. మొదటి రెండూ లేకుండా మూడోది ఎవరిని కొలుస్తుందన్న ప్రశ్నకు మాత్రం ఏ రిజిస్టర్లోనూ గడి లేదు.

నిరంతర సమగ్ర మూల్యాంకనం ఫలితంగా పదో తరగతిలో ప్రతి సబ్జెక్టుకూ ఎనభై మార్కులు పరీక్షకూ, ఇరవై మార్కులు బడిలో జరిగే అంతర్గత మదింపుకూ పంచారు. ఆ ఇరవైలో పాఠంలో పిల్లల భాగస్వామ్యానికీ స్పందనకూ ఒక వాటా ఉంటుంది, విలువల విద్యకు విడిగా గ్రేడు ఉంటుంది. భద్రాచలం ఈ ఏర్పాటుకు ప్రపంచంలో మరెక్కడా దొరకని ప్రయోగశాల. 2014లో పోలవరం ముంపు పేరిట ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలి, ఊరిని ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం వంటి పంచాయతీలు అవతలి రాష్ట్రానివయ్యాయి. తరగతిలో చెయ్యెత్తి మాట్లాడే పిల్లవాడి ఉత్సాహానికి మార్కులు వేస్తే ప్రైవేటు బడులు తమ పిల్లలందరినీ ఇరవైకి ఇరవై ఉత్సాహవంతులను చేస్తున్నాయని గ్రహించి ఆంధ్రప్రదేశ్ 2019లో అంతర్గత మార్కులను ఎత్తివేసింది. తెలంగాణ 2024 నవంబరులో ఎత్తివేస్తున్నట్టు ప్రకటించి, ఆ వెంటనే ఆ ఏడాదికి ఉంచుతున్నట్టు సవరించి, 2025లో మళ్లీ కొనసాగిస్తున్నట్టు చెప్పింది. అందుచేత భద్రాచలంలో నిలబడిన పిల్లవాడికి తరగతిలో పాలుపంచుకునే గుణం ఇరవై మార్కుల లోపు ఉంటుంది; కాస్త దూరం నడిచి ఎటపాకలో అడుగుపెట్టగానే అదే గుణం అతనిలో లేకుండా పోతుంది. మనిషి స్వభావాన్ని రెవెన్యూ హద్దు ఇంత కచ్చితంగా విభజించిన ఉదాహరణ మనస్తత్వ శాస్త్ర గ్రంథాలకు ఇంకా ఎక్కలేదు.

అదే ఊళ్లో కొలత అంటే ఏమిటో తెలిసిన వస్తువు ఒకటి ఉంది. గోదావరి నీటిమట్టం భద్రాచలం వద్ద 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చాయని చెబితే వినేవాడికి సందేహం ఉండదు. ఆ అంకెను కలెక్టరు చదివినా, పడవ నడిపేవాడు చదివినా ఒకటే. అంతకన్నా ముఖ్యంగా, ఒక్కో అంకె వెనకా ఒక్కో పని ఉంది: ఇన్ని అడుగులకు లోతట్టు కాలనీలు ఖాళీ చేయాలి, ఇన్ని అడుగులకు రోడ్లు మూసేయాలి, పునరావాస కేంద్రాలు తెరవాలి. నది ప్రవర్తన సంతృప్తికరమని రాసి సంతకం పెట్టి ఊరుకున్న ఇంజనీరు ఎవరూ లేరు. పిల్లల విషయంలో మాత్రం ఏ గ్రేడు పడితే ఎవరు ఏం చేయాలో ఏ ఉత్తర్వులోనూ ఉండదు. 'బి' గ్రేడు పడిన పిల్లవాడి దగ్గరికి ఏ పడవా బయలుదేరదు.

నిజానికి ఈ ఏజెన్సీలో, అంటే రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతంలో, ప్రభుత్వం ఒక ప్రవర్తనను కొలిచి, తీవ్రమైనదని తేల్చి, దానికి విరుగుడుగా ఉత్తర్వు జారీ చేసిన సందర్భం లేకపోలేదు. అయితే అది విద్యార్థి ప్రవర్తన కాదు. మైదానాల నుంచి వచ్చిన ఉపాధ్యాయులు బడికి రాకపోవడం పరిపాటి అయిందని, స్థానిక గిరిజనులనే నియమిస్తే బడి తెరుచుకుంటుందని భావించి 1986లో ఒక జీవో, దాని స్థానంలో 2000 జనవరిలో మూడో నంబరు జీవో తెచ్చారు; షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే అని అది చెప్పింది. 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, నూరు శాతం రిజర్వేషను చెల్లదని దాన్ని కొట్టివేసింది. కోయలో అడిగి కోయలో వినగల ఉపాధ్యాయుడు దొరికితే పదో గడి కాస్త చిన్నదయ్యేదేమోనన్న ఊహ ఆ తీర్పు పరిధిలోకి రాదు, కనుక దాని గురించి ఇక్కడ చర్చించడం అనవసరం.

గడులు నింపే ఓపిక మనుషులకు లేదని గ్రహించి యంత్రాలు రంగంలోకి దిగాయి. చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో ఒక బడి 2018లో తరగతి గదుల్లో కెమెరాలు పెట్టి, ముప్పై సెకన్లకొకసారి పిల్లల ముఖాలు చూసి, వారు చదువుతున్నారో, రాస్తున్నారో, చెయ్యెత్తుతున్నారో, బల్ల మీద వాలిపోతున్నారో లెక్కగట్టించింది. సంతోషం, కోపం వంటి భావాలు కూడా లెక్కలోకి వచ్చాయి. తెలంగాణ అంత దూరం పోకుండా 2023 నుంచి ముఖ గుర్తింపు యాప్‌తో పిల్లల హాజరు తీసుకోవడం మొదలుపెట్టింది, 2025లో ఉపాధ్యాయులనూ అందులో చేర్చింది. ఈ యంత్రానికి పిల్లవాడి ముఖంతోపాటు సిగ్నలూ కావాలి. అడవి లోపల ఈ రెంటిలో మొదటిది దొరికినంత తేలికగా రెండోది దొరకదు. సిగ్నలు కోసం ఫోను పైకెత్తి ఆవరణంతా తిరిగే ఉపాధ్యాయుడి ప్రవర్తనను ఏ గడిలో వేయాలో ఫ్లాండర్స్ చెప్పకుండానే పోయాడు. పైగా ఇప్పపువ్వు రాలే రోజుల్లోనూ తునికాకు కోసే రోజుల్లోనూ పిల్లవాడు బడిలో లేకపోతే యంత్రం గైర్హాజరు అంటుంది. తల్లి వెంట తెల్లవారుజామునే అడవికి వెళ్లి, కట్టకు యాభై చొప్పున ఆకులు లెక్కపెట్టి కట్టే పిల్లవాడు ఆ రోజు చేసింది గణితమేనని చెప్పే ఆప్షను అందులో లేదు.

అధికారుల తనిఖీ సైతం ఒక కొలమానమే. నిర్ణీత క్షణాల్లో తల తిప్పి చూసి, ఆ క్షణాన కనిపించినదాన్నే మొత్తం కాలానికి ప్రతినిధిగా భావించడాన్ని క్షణ నమూనా పద్ధతి అంటారు. పరిశీలకుడు వస్తున్నాడని తెలియగానే పరిశీలన వస్తువు మారిపోవడం దీని ప్రధాన లోపం. అడవి దారిలో జీపు చప్పుడు రెండు మలుపుల ముందే వినిపిస్తుంది కనుక ఈ సరిహద్దులో ఆ లోపం పరిశీలకుడి కన్నా చాలా ముందుగా బడికి చేరుకుంటుంది.

ఇక తాజాగా ఢిల్లీ నుంచి వచ్చినది సమగ్ర ప్రగతి పత్రం. 2020 జాతీయ విద్యా విధానం ఆశించినట్టు పిల్లవాణ్ని అన్ని వైపుల నుంచి, అంటే ఉపాధ్యాయుడు, తోటి పిల్లలు, తల్లిదండ్రులు, చివరికి ఆ పిల్లవాడే తనను తాను మదింపు చేసుకునేలా దీన్ని రూపొందించారు. ఉద్దేశంలో తప్పు పట్టవలసింది లేదు; ఇంతవరకు వచ్చిన కొలమానాల్లో పిల్లవాణ్ని కూడా ఒక మాట అడగాలని తోచినది ఇదే. చిన్న తరగతులకు మార్కులూ గ్రేడ్లూ భయపెడతాయని మూడు స్థాయిలకు ప్రకృతి నుంచి పేర్లు పెట్టారు: అన్నిటికన్నా కింద వాగు, దాని పైన కొండ, అన్నిటికన్నా పైన ఆకాశం. వానాకాలంలో వాగు పొంగితే బడికి దారే మూసుకుపోయే గూడెంలో, కొండ పేరునే తమ పేరులో పెట్టుకున్న కొండరెడ్ల మధ్య, ఈ వరసను వివరించే బాధ్యత ఎవరికి అప్పగించారో తెలియరాలేదు. అన్నిటినీ మించిన శక్తి వాగుదేనని ఆ గూడెం పిల్లవాడు వాదిస్తే, దాన్ని విమర్శనాత్మక ఆలోచన కింద ఆకాశంలో వేయాలో, పాఠానికి అడ్డు తగలడం కింద వాగులో వేయాలో మార్గదర్శకాల్లో ఉండవలసింది.

ఇన్ని పద్ధతుల మీద శాస్త్రజ్ఞులకు ఉన్న చివరి అభ్యంతరం, ఒక్క మనిషి చూసినదాన్ని నమ్మరాదన్నది. అందుకే ఇద్దరు పరిశీలకులు ఒకరికొకరు తెలియకుండా ఒకే తరగతిని కొలిచి, వారి అంకెలు ఎంతవరకు కలిశాయో చూడాలంటారు. దీనికి పరిశీలకుల ఏకీభావం అని పేరు. కాకతాళీయంగా కలిసినవాటిని తీసేసి మిగిలినదాన్ని లెక్కగట్టేందుకు జేకబ్ కోహెన్ 1960లో ఒక సూత్రం కూడా ఇచ్చాడు. నగరాల్లోని పెద్ద బడులు ఈ ఏకీభావం కుదరక అవస్థ పడుతుంటాయి గాని, అడవి సరిహద్దులో సమస్య ఎప్పుడో పరిష్కారమైంది. ఇక్కడ ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయి, అంటే ఒకటి నుంచి ఐదు దాకా తరగతులన్నిటికీ ఒక్కరే ఉపాధ్యాయుడు. పాఠం చెప్పేదీ ఆయనే, హాజరు తీసేదీ ఆయనే, బియ్యం కొలిచేదీ ఆయనే, ప్రవర్తన కొలిచేదీ ఆయనే. ఆయన సెలవు పెట్టని రోజున పరిశీలకుల ఏకీభావం నూటికి నూరు శాతంగా నమోదవుతుంది.